బాత్ టబ్బులో టర్కీ, కార్తీక మాసంలో అమ్మ

మొన్న మా వాడు ఫోన్ చేసి "అమ్మా, అమ్మమ్మ ఆ టర్కీకి పూసిన బెల్లం పాకం కొలతలు చెప్పు, ఈసారి రూమ్మేట్లకి నేనే వండుతున్నా" అన్నాడు. కొలతలేంటి నా మొహం, ఆవిడేమైనా కప్పులు స్పూన్లు పెట్టి కొలిచి చేసిందా, పాలకొల్లు ఫోన్ చేసి అడిగితే "వేళ్ళ మధ్య పట్టుకుని చూడమనవే వాణ్ణి, తీగ సాగకముందే దింపెయ్యమను" అంటుంది అంతే. సరే అని నాకు గుర్తున్నంత చెప్పా, ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నా చాలాసేపు. పాకం ఒక్కటే గుర్తుంది వాడికి, వాడికి అప్పుడు ఆరేళ్ళు, బాత్ టబ్బు సంగతి సగం నిద్రలో చూశాడు.

2004 అది. ఎడిసన్‌లో ఉండేవాళ్ళం, న్యూజెర్సీలో. అద్దె టౌన్‌హౌస్, పైన రెండు బెడ్రూములు, స్నానానికి ఒక్కటే బాత్రూమ్, కింద చేతులు కడుక్కునేంత చిన్న గది ఇంకోటి. ఆ "ఒక్కటే" అన్న మాట కాస్త గుర్తు పెట్టుకోండి. అమ్మ సెప్టెంబర్‌లో వచ్చింది ఆరు నెలలకి, నాన్నగారు చేను వదిలి రానన్నారు. ఆ ఏడాది అధిక శ్రావణం పడింది కదా, పండగలన్నీ వెనక్కి జరిగిపోయాయి, దీపావళే నవంబర్ 12న వచ్చింది. అంటే థాంక్స్ గివింగ్, ఇంటింటా టర్కీ కోడి వండుకునే అమెరికా వాళ్ళ పండగ, 25వ తారీఖు గురువారం, నడి కార్తీకం, తెల్లారితే కార్తీక పౌర్ణమి. లింకన్ 1863లో నవంబర్ ఆఖరి గురువారం అన్నాడట, 1941లో వీళ్ళ కాంగ్రెస్ కూర్చుని కాదు నాలుగో గురువారం అని ఖాయం చేసింది, ఒక్కళ్ళు కూడా పంచాంగం చూళ్ళేదు.

మా అమ్మ కార్తీకం అంటే మామూలు కార్తీకం కాదండీ. పాలకొల్లు క్షీరారామం గోపురం కనపడే వీధిలో పుట్టి పెరిగిన మనిషి, నెల రోజులూ నీచు మాట అటుంచండి ఉల్లిపాయ వెల్లుల్లి కూడా ముట్టదు, నక్షత్రాలుండగానే తలస్నానం, దీపం, సోమవారం వచ్చిందంటే చుక్కని చూసి భోజనం. అమెరికా వచ్చినా ఒక్కటి తగ్గలేదు, ఆ చలిలో కూడా నాలుగింటికి లేచి నీళ్ళు పోసుకునేది, వేణ్ణీళ్ళు పోసుకోవే అంటే వినేది కాదు.

మరి అలాంటి ఇంట్లోకి టర్కీ ఎందుకొచ్చిందీ అంటే మూడు కారణాలు. ఒకటి మా వాడు ఫస్ట్ గ్రేడ్‌లో అరచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, బొటనవేలు తలకాయ మిగతా వేళ్ళు ఈకలూ చేసి, ఆ బొమ్మ ఫ్రిజ్ మీద అతికించి నెలరోజుల్నుంచీ అసలుది ఎప్పుడు అని చంపుతున్నాడు. రెండోది షాప్‌రైట్‌లో అక్టోబర్ నుంచీ ఇంత మొత్తానికి సరుకులు కొంటే టర్కీ ఫ్రీ అన్నారు, ఫ్రీ అంటే వదిలేసే రకమా మేము. మూడోది పక్కింటి పెద్దావిడ. ఇటాలియన్ వాళ్ళావిడ, భర్త పోయారు, పిల్లలు ఎక్కడో పశ్చిమాన, మేం వచ్చిన మొదటేడాది నుంచీ ప్రతీ థాంక్స్ గివింగ్‌కి మమ్మల్నే పిలిచి భోజనం పెట్టేది. ఆ సంవత్సరం మోకాలు ఆపరేషన్ అయింది, నిలబడలేదు. ఈసారి మా ఇంట్లో అండీ మీరు రండి అని మా ఆయన నోరు జారారు. నేను అప్పటికి జన్మలో చికెన్ డ్రమ్ స్టిక్ కంటే పెద్దది ఓవెన్లో పెట్టలేదు.

మా ఆయన భయం భయంగా అత్తగారి పర్మిషన్ అడిగారు. అమ్మ కాసేపు ఆలోచించి "మోకాలు బాలేని మనిషికి అన్నం పెడతానంటే వద్దంటానా అల్లుడుగారూ, మీరు వండుకోండి, నేను ముట్టుకోను, రుచి చూడను, నా స్టవ్వు మీదకి మాత్రం రానివ్వకండి" అంది. మంచిదే కదా.

పద్నాలుగు పౌన్ల పక్షి. అంటే ఆరు కేజీల పైనే. మంగళవారం రాత్రి ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టా, రెండ్రోజులు చాలదా అని. చాలదట. నాలుగైదు పౌన్లకి ఒక రోజు లెక్కన మూడ్రోజులైనా ఫ్రిజ్‌లో ఉండాలట, బుధవారం సాయంత్రం పొట్ట మీద తడితే రుబ్బురోలు పొత్రంలా టంగుమంది. పక్కింటావిడకి ఫోన్ చేస్తే ఏం భయం లేదు, కవర్ తియ్యకుండా చన్నీళ్ళలో ముంచండి, పౌనుకి అరగంట, అరగంటకోసారి నీళ్ళు మార్చాలి అంది. పద్నాలుగు పౌన్లు, ఏడు గంటలు. సింకులో పట్టలేదు. బకెట్లో తలకిందులుగా పెడితే సగం పైనే ఉంది. ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని, అమ్మ పడుకుందో లేదో చూసి, దొంగల్లా దాన్ని మెట్లెక్కించి బాత్ టబ్బులో దించాం. ఎనిమిదిన్నర అయింది. మా ఆయన "నువ్వు పడుకో, రేపు నువ్వే కదా వండాలి, నీళ్ళు నేను మారుస్తాలే, తెల్లవారేలోపు తీసేసి టబ్బు కడిగేస్తా" అన్నారు.

నాలుగింటికి ఇల్లు ఎగిరిపోయేలా "అమ్మ బాబోయ్" అని కేక.

పరిగెత్తుకెళ్ళి చూస్తే అమ్మ గుమ్మంలో, భుజం మీద తువ్వాలు, చేతిలో రాగి చెంబు. టబ్బు నిండా నీళ్ళు, నీళ్ళలో వెల్లకిలా టర్కీ. పక్కనే కమోడ్ మూత మీద గోడకి తల ఆనించి నోరు తెరిచి నిద్రపోతున్న అల్లుడుగారు, బనీను లుంగీలో. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన మా అమ్మ ఎదుట చొక్కా లేకుండా నిలబడింది లేదు, కాళ్ళ మీద కాళ్ళు వేసుకున్నది లేదు, అలాంటి మనిషి ఉలిక్కిపడి లేచి, చేతులు కట్టుకుని, "ఏడు గంటలు అయిపోయిందండీ, తీసేస్తున్నానండీ" అన్నారు. ఆ మాటకి ఎవరు నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు. మా వాడు ఒక్కడే కళ్ళు నులుముకుంటూ వచ్చి "టర్కీ స్నానం చేస్తోందా అమ్మమ్మా" అన్నాడు.

అమ్మ ఒక్క మాట అంటే ఒట్టు. అదే భయం మాకు. ఆయన పక్షిని కిందకి మోసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టి, టబ్బుని బ్లీచ్ వేసి రెండుసార్లు తోమి, అమ్మ దాని మీద పసుపు నీళ్ళు చల్లి, అప్పుడు స్నానం చేసి బయటికొచ్చేసరికి ఆరు దాటిపోయింది, నక్షత్రాలు ఎప్పుడో పోయాయి. తులసి కుండీ దగ్గర దీపం పెట్టి చాలాసేపు కూర్చుంది. నేను కాఫీ ఇస్తే తీసుకుంది, అప్పుడు కాస్త ఊపిరొచ్చింది నాకు.

ఎనిమిదింటికే తన వంట తను చేసేసుకుని, స్టవ్వు తుడిచి, డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ ఒకటి గోడవారగా జరుపుకుని కూర్చుంది. "ఇక్కణ్ణుంచి లేవను" అంది. టీవీలో మేసీస్ పరేడ్, పెద్ద పెద్ద గాలి బుడగల బొమ్మలు న్యూయార్క్ వీధుల్లో పోతున్నాయి, మా వాడు దానికి అతుక్కుపోయాడు. నేను చిన్న కరపత్రం ముందు పెట్టుకుని టర్కీ మీద యుద్ధం మొదలుపెట్టా. లోపల చెయ్యి పెడితే కాగితం సంచి ఒకటి వచ్చింది, మెడ, గుండెకాయ, కార్జం, కందనకాయ. కందనకాయ చూడగానే మా ఆయన మొహం వెలిగిపోయింది, మిగతాదంతా ఎవరికైనా ఇచ్చెయ్యండి నాకు ఇది చాలు అన్నట్టు పట్టుకుపోయి మిరియాలు వేసి వేపుకున్నారు, స్టవ్వు మీద కాదులెండి, ఎలక్ట్రిక్ స్కిల్లెట్ పెట్టుకుని పెరట్లో డెక్ మీద.

నేను వెన్నా ఉప్పూ మిరియాల పొడీ కలిపి టర్కీకి రాస్తున్నా. కుర్చీలోంచి మాట వచ్చింది. "ఏంటే అది, పసిపిల్లకి పౌడర్ రాసినట్టు."

"కరపత్రంలో అంతే ఉందమ్మా."

"చర్మానికి రాస్తే కండకి ఏం పడుతుందే? తోలు కింద వేళ్ళు పెట్టి విప్పు, చిరగకుండా, ఆఁ, ఇప్పుడు లోపలికి రాయి. అల్లం ఏదీ? వెల్లుల్లి ఏదీ? ఉప్పు సరిపోదు, ఇంకొంచెం." ముట్టుకోలేదు నిజమే, నా చేతుల్తోనే వండింది. ఉప్పు దగ్గర మాత్రం నేను వినలేదు, ఇదివరకే ఉప్పునీళ్ళు ఎక్కించి అమ్ముతారమ్మా అట్ట మీద రాసుంది అని వాదించా. సరే నీ ఇష్టం అంది, అనే తీరులోనే ఉంది అంతా.

స్టఫింగ్, అంటే పక్షి పొట్టలో కూరేది, పక్కింటావిడ కార్డు మీద రాసిచ్చింది. ఎండిన బ్రెడ్డు ముక్కలు, ఉల్లిపాయ, సెలరీ, సేజ్ ఆకు, ఉడికించిన చెస్ట్‌నట్లు. అందులో మాంసం లేదు కాబట్టి అమ్మ కుర్చీ దిగి వచ్చింది. చెస్ట్‌నట్ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని "ఓసి, పనస గింజే ఇది" అంది. నిజంగానే, ఉడికించిన పనస గింజే, నాలుగేళ్ళుగా తింటూ నాకు తట్టలేదు. సేజ్ ఆకు నలిపి వాసన చూసి మొహం అదోలా పెట్టి "జలుబుకి పనికొస్తుంది" అని కొంచెమే వెయ్యనిచ్చింది. పచ్చిమిర్చి పడింది, కొత్తిమీర పడింది, జీడిపప్పు వేగింది. ఉల్లి ఉంది కాబట్టి రుచి చూడలేదు, గిన్నె మీదకి వంగి వాసన పీల్చి "ఉప్పు సరిపోయింది" అంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, వ్రతాల రోజున నైవేద్యాలన్నీ అలాగే చేసేది, ఎంగిలి పడకుండా, వాసనతోనే ఉప్పు చెప్పేది. కూరేటప్పుడు మాత్రం నేను గుప్పిళ్ళతో కుక్కుతుంటే "గుత్తొంకాయకి కుక్కుతావా అలా, బ్రెడ్డు నానితే ఉబ్బుతుంది, ఒదులుగా పెట్టు" అని అరిచింది. మిగిలింది వేరే గిన్నెలో.

ఇక పాకం. కార్డులో మేపుల్ సిరప్ అని ఉంది, ఇంట్లో లేదు, ఆ రోజు షాపులన్నీ సగం మూసే ఉంటాయి. ఓక్ ట్రీ రోడ్డులో కొన్న బెల్లం అచ్చు ఉంది. అమ్మ తన స్టవ్వు మీదే, తన గిన్నెలో, అరిసెలకి పెట్టినంత శ్రద్ధగా బెల్లం కరిగించి వడగట్టి, నారింజలు పిండి, అల్లం ముక్క నలగ్గొట్టి వేసి, రెండు ఎండుమిరపకాయలు తుంచి వేసింది. లేతపాకం. ఆ ఒక్కటే ఆ రోజు తను వేలితో నాకి చూసింది. ఆఖర్న నిమ్మకాయ పిండి, వెన్నపూస ముద్ద పడేసి నా చేతికిచ్చింది, ఆ రంగు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది, ఎండలో పెట్టిన నువ్వుల నూనె రంగు.

నేనేం చేశానంటే, పదకొండున్నరకి ఓవెన్ 325 ఫారెన్‌హీట్‌కి పెట్టి, ఆ పాకం సగం అప్పుడే పక్షి ఒళ్ళంతా పూసి లోపలికి తోసేశా. బాగా పడుతుంది కదా అని. అమ్మ పెరట్లోకి వెళ్ళింది, లేకపోతే ఆపేది. గంటంపావుకి పొగ. ముందు కొంచెం తీపి వాసన, తర్వాత మాడు వాసన, తర్వాత స్మోక్ అలారం. ఆ అలారం కేకకి మా ఆయన తువ్వాలు పట్టుకుని కుర్చీ ఎక్కి విసరడం, మా వాడు చెవులు మూసుకుని గెంతడం, అమ్మ లోపలికి పరిగెత్తుకొచ్చి "ఇల్లు అంటుకుందా" అనడం, ఓవెన్ తలుపు తీస్తే రొమ్ము పైన అరచెయ్యంత మేర నల్లగా మాడింది, ట్రేలోకి కారిన పాకం బొగ్గయిపోయింది.

"పాకం పోసి నాలుగు గంటలు నిప్పు మీద పెడతారటే ఎవరైనా? వంట నేర్పలేదా నీకు నేను? బెల్లం ఆఖర్న. ఎప్పుడూ ఆఖర్నే. ఆ వెండి కాయితం కప్పు దాని మీద." కప్పా. ట్రేలో నీళ్ళు పొయ్యమంది, పోశా. మళ్ళీ కుర్చీలో కూర్చుంది కానీ ఇప్పుడు కుర్చీ ఓవెన్‌కి ఎదురుగా జరిగింది. అద్దంలోంచి చూస్తూ, మధ్య మధ్యలో వాసన పీలుస్తూ, మూడు గంటలు కదల్లేదు. నేను వెళ్ళి క్రాన్‌బెర్రీల పని చూసుకున్నా, అవి అమ్మ వచ్చిన వారానికే "వాక్కాయల్లా ఉన్నాయే" అని పట్టేసి పప్పులోకీ పచ్చడిలోకీ వాడేస్తోంది, పచ్చడి సిద్ధంగా ఉంది, పంచదార పోసి సాస్ చెయ్యాల్సిన అవసరమే రాలేదు.

మూడున్నరకి "కాయితం తియ్యి, ఇప్పుడు పుయ్యి" అంది. మిగిలిన పాకం పదినిమిషాలకోసారి, మూడుసార్లు పూశా. మాడిన చోటు కూడా దాని కింద కలిసిపోయి మొత్తం పక్షి ఎర్రగా, అద్దంలా మెరిసింది. థర్మామీటరు తొడలో గుచ్చితే 180 రావాలని రాసుంది, అప్పట్లో అలాగే చెప్పేవాళ్ళు, తర్వాత 2006లో ప్రభుత్వం వాళ్ళే 165 వస్తే చాలు అని మార్చారు. అందుకే అప్పటి టర్కీలన్నీ రొమ్ము ముక్క పిండిలా ఎండిపోయేవి, ఆ రోజు మాదీ ఎండింది, ఆ తప్పు మాత్రం నాది కాదు. నాలుగుంబావుకి 180 వచ్చింది, కూరిన దాంట్లో గుచ్చితే 165 దాటింది, తీశాం. అమ్మ థర్మామీటరు వైపు చూళ్ళేదు, అంతకు రెండు నిమిషాల ముందే "అయిపోయింది తీసెయ్యండి, వాసన మారింది" అంది.

పక్కింటావిడ వాకర్ పట్టుకుని వచ్చింది, చీకటి పడుతోంది అప్పటికే. సంచిలో గుమ్మడికాయ పై, ఇంకో సంచిలో కరెంటు కత్తి, వాళ్ళాయన వాడిందట. అమ్మ ఎదురెళ్ళి "రండి వదినగారూ" అంది తెలుగులోనే, ఆవిడ ఏదో ఇంగ్లీషులో అంది, ఇద్దరికీ అర్థమైపోయినట్టు చేతులు పట్టుకున్నారు. మా ఆయన వంటింటి కత్తి తెచ్చి నాటుకోడి కొట్టినట్టు ఎముకలతో సహా కొట్టబోతుంటే ఆవిడ ఆపి, కూర్చునే, కరెంటు కత్తితో రొమ్ము పలచగా, ఆకుల్లా కోసింది. ఆ చర్మం తిన్నాక కళ్ళు మూసుకుని, ఇంకో ముక్క తీసుకుని, ఇది ఎవరు చేశారు అని అడిగింది. అందరం అమ్మ వైపు చూపించాం. అమ్మ తన పళ్ళెంలో పప్పన్నం, క్రాన్‌బెర్రీ పచ్చడి కలుపుకుంటూ "నేనేం చెయ్యలేదు, నేను ముట్టుకోలేదు" అని తలూపింది గట్టిగా. అది తర్జుమా చేసి చెప్పడం నా వల్ల కాలేదు. మా వాడు రెండు కాళ్ళలో ఒకటి చేత్తో పట్టుకుని వాడి మొహమంత ఉన్న ముక్కని కొరుకుతూ కనిపించకుండా పోయాడు.

మర్నాడు పౌర్ణమి. అమ్మ ఉపవాసం, సాయంత్రం మూడువందల అరవై ఐదు వత్తులు ఆవు నేతిలో తడిపి వంటింట్లోనే వెలిగించింది, బయట గాలి అని. స్మోక్ అలారం రెండోరోజు కూడా మోగింది. ఈసారి కుర్చీ ఎక్కి తువ్వాలు విసిరింది నేను, మా ఆయన దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డారు.

మిగిలిన టర్కీతో శుక్రవారం బిర్యానీ, శనివారం పులుసు, ఎముకలు ఉడికించిన నీళ్ళతో మిరియాల చారు, ఇంక వద్దురా బాబూ అనిపించేదాకా తిన్నాం. ఆదివారం నేను మిగిలినవి సర్దుతుంటే అమ్మ వచ్చి చర్మంతో ఉన్న ముక్క ఒకటి చూపించి "అది ఓ చిన్న డబ్బాలో పెట్టి గడ్డకట్టే పెట్టెలో వెయ్యి" అంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు.

కార్తీకం వెళ్ళింది. పోలి పాడ్యమి రోజు తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదలాలి కదా, ఎడిసన్‌లో ఏ కాలవ ఉంది, ఏ దొప్ప ఉంది. నాలుగింటికి నీళ్ళ చప్పుడైతే లేచి వెళ్ళా. బాత్రూమ్ లైటు తీసేసి ఉంది. టబ్బు నిండా నీళ్ళు, నీళ్ళ మీద నారింజ డిప్పల్లో వత్తులు, ముప్ఫై దాకా ఉంటాయి, అమ్మ అంచున కూర్చుని చేత్తో నీళ్ళు మెల్లగా తోస్తోంది, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ కుళాయి వైపు పోతున్నాయి. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఇద్దరం అవి ఆరిపోయేదాకా కూర్చున్నాం, టర్కీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ "ఆ డబ్బా తియ్యి" అంది. కరిగించి, వేడి చేసి ఇచ్చా. చర్మం కొంచెం మెత్తబడిపోయింది కానీ పాకం మెరుపు అలాగే ఉంది. చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగి, నీళ్ళు తాగి, అప్పుడు నా వైపు చూసింది.

"చెప్పానా, ఉప్పు చాలదని."